నది ఒడ్డున ఉద్యానం : మోక్షగుండం విశ్వేశ్వరయ్య

పాఠ్యభాగ నేపథ్యం

నగరాలకు రాజమార్గాలు, భవనాలు ఎంత అవసరమో చెరువులు, తోటలు, నదీతీరాలు అంతకన్న ఎక్కువ అవసరం. వాటిని ఏర్పరచడం ఒక ఎత్తయితే, ఏటేటా ధనం వెచ్చించి కాపాడుకోవడం మరొక ఎత్తు. 1908 మూసీ వరదల అనంతరం హైదరాబాదు నగర రక్షణకు ప్రణాళిక రచించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితాన్ని ఈ దృష్టితో పరిచయం చేయడమే ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషి తన తదనంతరం లోకంలో విడిచి వెళ్లదగిన వాటిని మన పూర్వులు సప్తసంతానాలుగా పేర్కొన్నారు. పుత్రుడు, కృతి, దేవాలయం, అగ్రహారం, ధననిక్షేపం, తటాకం, వనం అనేవి ఆ ఏడు. చెరువును, తోటను కన్నబిడ్డతో సమానంగా లెక్కించడంలో ఒక లోతైన ఆలోచన ఉంది. బిడ్డను కన్నంత మాత్రాన తల్లిదండ్రుల బాధ్యత తీరదు. పెంచాలి, పోషించాలి, కాపాడాలి. చెరువు తవ్వించినవానికి, తోట వేయించినవానికి కూడా ఈ ధర్మం వర్తిస్తుంది. ఈ ధర్మాన్ని ఆధునిక కాలంలో ఇంజనీరింగు శాస్త్రపు భాషలో మనకు బోధించిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లి గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేటి చిక్కబళ్లాపురం జిల్లాలో ఉంది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వేంకటలక్ష్మమ్మ. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుంచి మైసూరు సీమకు తరలివెళ్లినవారు. ఆ ఊరిపేరే వారికి ఇంటిపేరయింది. కన్నడదేశంలో పుట్టి పెరిగినా ఆ కుటుంబం తెలుగుతో బంధాన్ని ఇంటిపేరు రూపంలో నిలుపుకొన్నది.

చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో కుటుంబానికి ఆధారం పోయింది. మేనమామ రామయ్య అండతో బెంగుళూరులో చదువు సాగింది. ఒక కూర్గు కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ వచ్చిన దానితో రోజులు గడుపుతూ సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో పట్టభద్రులయ్యారు. ఆ తరువాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనా సైన్సు కళాశాలలో చేరి ఇంజనీరింగు అభ్యసించారు. 1883లో జరిగిన పరీక్షలో బొంబాయి రాష్ట్రంలోనే ప్రథమశ్రేణిలో ప్రథములుగా నిలిచారు. 1884లో బొంబాయి ప్రభుత్వపు ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగం లభించింది.

బొంబాయి రాష్ట్రంలో ఆయన చేసిన పనులు ఎన్నో ఉన్నాయి. వాటిలో ముఖ్యంగా రెండింటిని గమనిస్తే ఆయన ఆలోచనాసరళి బోధపడుతుంది. పూనా నగరానికి సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయంలో నీరు చాలడం లేదు. ఆనకట్ట ఎత్తు పెంచాలంటే చాలా ధనం కావాలి. విశ్వేశ్వరయ్య ఆనకట్టను ముట్టుకోలేదు. నీరు నిర్ణీతమైన మట్టం దాటగానే తమంతట తామే తెరచుకొని, వరద తగ్గగానే మూసుకొనే తలుపులను రూపొందించి పొర్లుకట్టు మీద అమర్చారు. దానితో జలాశయంలో నీటిమట్టం సుమారు ఎనిమిది అడుగులు పెరిగింది. ఉన్న సంపదను పొదుపుగా, తెలివిగా వాడుకొంటే కొత్త ఖర్చు ఎంత తగ్గుతుందో లోకానికి తెలిసింది.

రెండవది కాలువ నీటి పంపిణీ. కాలువ తలవైపు ఉన్న రైతులకే నీరంతా దక్కి, చివరివారికి ఎండిన పొలాలు మిగలడం అప్పటి పరిస్థితి. 1899లో ఆయన ఆయకట్టును కొన్ని ఖండాలుగా విభజించి, పంటల మార్పిడిని జోడించి, నీరు ఎక్కువ గ్రామాలకు చేరే విధానాన్ని ప్రతిపాదించారు. ప్రజల సొత్తు ఏదైనా సరే, దానిని నిర్మించడం ఎంత ముఖ్యమో, అందరికీ అందేటట్లు నిర్వహించడం కూడా అంతే ముఖ్యమనే భావన ఆయన పనులన్నింటిలోనూ కనిపిస్తుంది.

సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం, ఏడెన్ నగరానికి నీటి సరఫరా, మురుగునీటి పారుదల ప్రణాళికలు కూడా ఆయన చేతిమీదుగా రూపొందాయి. ఇంతటి ప్రతిభ ఉన్నా, ఆ రోజుల్లో చీఫ్ ఇంజనీరు పదవి భారతీయునికి అందని ఫలం. ఆ సంగతి గ్రహించి, 1908లో స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేసి విదేశ పర్యటనకు బయలుదేరారు. ఆయన ఐరోపాలో ఉండగా హైదరాబాదు నుంచి ఒక తంతి వార్త అందింది. ఆ వార్త వెనుక ఒక మహావిషాదం ఉంది.

1908 సెప్టెంబరు మాసాంతంలో మూసీ నది పరీవాహక ప్రాంతంపై ఎడతెరిపి లేని వాన కురిసింది. సెప్టెంబరు 28వ తేదీన నది కట్టలు తెంచుకొని నగరం మీద పడింది. నదిలో ప్రవాహం 4,25,000 క్యూసెక్కులకు చేరినట్లు తరువాత లెక్కకట్టారు. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకొనిపోయాయి. నాలుగున్నర శతాబ్దాలకు చేరువవుతున్న పురానాపూల్ మాత్రం ఆనాడు వరద తలమీదుగా పారినా కూలక నిలిచింది. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. దాదాపు 15,000 మంది ప్రాణాలు కోల్పోయినట్లు అంచనా. అఫ్జల్‌గంజ్ ఉద్యానంలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికి బయటపడ్డారు. ఆ చెట్టు తరువాతి కాలంలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో భాగమైంది. వంతెనలు కూలిన చోట ఒక చెట్టు అంతమందిని కాపాడింది. ఉద్యానమంటే కేవలం విలాసమనుకొనేవారు ఈ సంఘటనను మరచిపోరాదు.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను ప్రత్యేక సలహా ఇంజనీరుగా నియమించింది. పర్యటన ముగించుకొని 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదుకు వచ్చారు. ఆయన ముందున్న బాధ్యతలు మూడు. వరదలు మళ్లీ రాకుండా నగరాన్ని రక్షించడం మొదటిది. ధ్వంసమైన నగరాన్ని చక్కదిద్దడానికి సలహాలివ్వడం రెండవది. మురుగునీటి పారుదలకు ప్రణాళిక రూపొందించడం మూడవది.

ఆయన నగరంలో కూర్చొని నగరాన్ని గురించి ఆలోచించలేదు. నది పుట్టిన అనంతగిరి కొండల దిక్కుగా దృష్టి సారించి, పరీవాహక ప్రాంతమంతటినీ పరిశీలించారు. వర్షపాతపు లెక్కలు సేకరించారు. అప్పుడు ఒక ముఖ్యమైన విషయం తేలింది. నగరానికి ఎగువన మూసీ, దాని ఉపనది ఈసీ పరీవాహక ప్రాంతాల్లో 788 చెరువులున్నాయి. ఇంచుమించుగా చదరపు మైలుకొక చెరువు. వాటిలో 221 చెరువులకు ఆ వానలో గండ్లు పడ్డాయి. ఈసీ వైపు 182, మూసీ వైపు 39 చెరువులు తెగాయి. ఒక చెరువు తెగితే ఆ నీరు దిగువ చెరువు మీద పడుతుంది. అది తెగి మరొక చెరువు మీద పడుతుంది. గొలుసుకట్టు చెరువుల స్వభావమే అది. కట్ట గట్టిగా ఉన్నంతకాలం ఒకటి మరొకదానికి ఆసరా అవుతుంది. కట్ట బలహీనపడితే ఒకదాని పతనం అన్నింటి పతనానికి దారితీస్తుంది. నగరం మీద పడినది ఆకాశం నుంచి వచ్చిన వాన ఒక్కటే కాదు. తెగిన చెరువుల నీరు కూడా.

1909 అక్టోబరులో ఆయన తన నివేదికను సమర్పించారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద మరొకటి, రెండు పెద్ద జలాశయాలు నిర్మించాలన్నది అందులోని ప్రధానమైన సూచన. వరద వచ్చినప్పుడు నీటిని అక్కడే నిలిపి, నగరంలోని నది భరించగలిగినంత మేరకే కిందికి వదలడం వాటి పని. దీనికితోడు నగరం నడుమ నది ఒడ్డులను ఎత్తు చేసి, వాటిని చెట్లతో కూడిన విహారమార్గాలుగా, ఉద్యానాలుగా తీర్చిదిద్దాలని, ఇరుకు వాడలను బాగుపరచాలని, మురుగునీటిని నదిలో కలపకుండా వేరుగా తీసుకొనిపోవాలని సూచించారు.

ఈ సూచనలోని సూక్ష్మాన్ని విద్యార్థులు గమనించాలి. నది ఒడ్డున ఖాళీగా ఉన్న నేలను అలాగే వదిలివేస్తే కొంతకాలానికి అక్కడ గుడిసెలు లేస్తాయి, తరువాత మేడలు లేస్తాయి. వరద వచ్చినప్పుడు ముందుగా బలయ్యేది అక్కడి ప్రజలే. 1908లో జరిగినది అదే. అదే నేలను ఉద్యానంగా మలిస్తే నదికి తన వెడల్పు తనకు దక్కుతుంది. వరద లేని రోజుల్లో ప్రజలకు చల్లని నీడ దక్కుతుంది. వరద వచ్చినా అక్కడ తడిసేవి చెట్లు, పచ్చిక మాత్రమే. ఒకే నేల రెండు ప్రయోజనాలను నెరవేరుస్తుంది. ఆనకట్ట, ఉద్యానం ఈ ప్రణాళికలో వేరువేరు కావు. రెండూ ఒకే రక్షణకు రెండు అంచెలు.

నివేదిక సమర్పించిన వెంటనే, 1909 నవంబరులో, మైసూరు ప్రభుత్వం ఆయనను చీఫ్ ఇంజనీరుగా ఆహ్వానించింది. హైదరాబాదు పనులు ఇతరుల చేతిలో సాగాయి. 1911లో సింహాసనమెక్కిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ప్రణాళిక కార్యరూపం దాల్చింది. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌కు 15 వరద తలుపులు, హిమాయత్‌సాగర్‌కు 17 తలుపులు ఉన్నాయి. మొదటి దానిలో సుమారు 3.9 శతకోటి ఘనపుటడుగుల నీరు, రెండవ దానిలో సుమారు 2.9 శతకోటి ఘనపుటడుగుల నీరు పడుతుంది. వరదను ఆపడానికి పుట్టిన ఈ జలాశయాలు నగరానికి త్రాగునీటిని కూడా ప్రసాదించాయి.

నగరంలోని పనులకు వేరొక ఏర్పాటు జరిగింది. 1912లో నగరోద్ధరణ సంస్థను నెలకొల్పారు. ఇరుకైన, అనారోగ్యకరమైన వాడలను తొలగించి ఇళ్లు కట్టించడం, రహదారులను వెడల్పు చేయడం, ఉద్యానాలు ఏర్పాటు చేయడం దాని విధులు. ప్రభుత్వ ఖజానా నుంచి దానికి నిధులు అందేవి. పనికి ఒక సంస్థ, ఆ సంస్థకు నిర్ణీతమైన బాధ్యత, ఆ బాధ్యతకు తగిన ధనం అనే మూడూ ఒకచోట చేరడం వల్లనే నివేదికలోని అక్షరాలు నేలమీద రూపుదిద్దుకొన్నాయి. మూసీ రెండు ఒడ్డుల మీద ఉన్నత న్యాయస్థానం, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కళాశాల వంటి గంభీరమైన భవనాలు, వాటి మధ్య తోటలు వెలిశాయి.

విశ్వేశ్వరయ్య హైదరాబాదును మరువలేదు. హైదరాబాదు కూడా ఆయనను మరువలేదు. మురుగునీటి పథకం పనులు వెనుకబడి ఉండగా 1922లో ఆయనను మళ్లీ పిలిపించారు. 1930లో నగరాభివృద్ధిని గురించి మరొక నివేదిక సమర్పించారు. రహదారులు, కాలిబాటలు, గృహవసతి, ఉద్యానాలు అన్నీ అందులో చోటుచేసుకొన్నాయి. ఇరవై ఏళ్ల కాలంలో ఒకే నగరాన్ని మూడుసార్లు పరిశీలించే అవకాశం ఏ ఇంజనీరుకో తప్ప దక్కదు. నగరం ఒకసారి కట్టి వదిలివేసే కట్టడం కాదని, ఎప్పటికప్పుడు చూసుకోవలసిన జీవి వంటిదని ఈ రాకపోకలే చెబుతున్నాయి.

ఆయన జీవితంలోని తక్కిన ఘట్టాలు సుప్రసిద్ధాలు. 1911లో కావేరిపై కృష్ణరాజసాగరం నిర్మాణం ఆయన చీఫ్ ఇంజనీరుగా ఉన్నప్పుడే ప్రారంభమైంది. 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఆయన హయాంలో వెలిశాయి. భద్రావతి ఇనుము కర్మాగారాన్ని నష్టాల నుంచి గట్టెక్కించారు. 1937లో ఒరిస్సా వరదలను గురించి గాంధీజీ కోరిక మేరకు ఆ ప్రాంతానికి వెళ్లి సలహాలిచ్చారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న బిరుదంతో సత్కరించింది. నూరేళ్లు నిండిన తరువాత 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. హైదరాబాదులో ఖైరతాబాదు కూడలి వద్ద ఆయన విగ్రహం ఉంది.

సమయపాలన, శుభ్రమైన వేషధారణ, లెక్కలలో ఖచ్చితత్వం ఆయన సహజగుణాలు. ఏ పనికైనా ముందు కొలతలు, తరువాత అంచనా, ఆ తరువాతే నిర్ణయం. పని ఎంత గొప్పదని ఆయన అడిగేవారు కాదు. దానివల్ల ఎందరికి ఎంత మేలు, దానికి ఎంత ఖర్చు అని అడిగేవారు.

ఈ మహనీయుడు చూపిన మార్గం తరువాతి కాలంలో ఎంతవరకు సాగింది? ఈ ప్రశ్నకు సమాధానం కోసం నగరానికి దక్షిణాన, పాతబస్తీ చివర ఉన్న చాంద్రాయణగుట్ట వైపు చూడాలి. ఇది చిన్న చిన్న గుట్టల నడుమ చెరువులు పరచుకొన్న ప్రాంతం. బాలాపూర్, జల్‌పల్లి, మైలార్‌దేవ్‌పల్లి వైపు నుంచి వాననీరు చెరువు నుంచి చెరువుకు, నాలా నుంచి నాలాకు దిగుతూ చివరికి మూసీని చేరాలి. పూర్వం ప్రతి చెరువుకు ఒక కట్ట, ఒక తూము, ఒక మత్తడి, వాటిని చూసుకొనే ఒక నీరటి ఉండేవారు. కాలక్రమంలో నగరం విస్తరించింది. శిఖం భూముల్లో ఇళ్లు లేచాయి. నాలాలు కుంచించుకొనిపోయాయి. చెరువుల్లో పూడిక పేరుకొన్నది.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాదులో కుండపోత వాన కురిసింది. పల్లెచెరువుకు గండిపడింది. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా పరిసరాల్లోని అల్ జుబైల్ కాలనీ వంటి బస్తీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. కొద్ది రోజుల్లోనే బాలాపూర్ సమీపంలోని గుర్రం చెరువుకు కూడా గండిపడి హఫీజ్ బాబానగర్ వైపు వరద దూసుకొనివచ్చింది. ప్రాణాలు పోయాయి. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు బురదపాలయ్యాయి. 1908లో తెగిన 221 చెరువుల కథ, నూటపన్నెండేళ్ల తరువాత చిన్న రూపంలో మళ్లీ మన కళ్లముందు జరిగింది. ఎగువన ఉన్న రెండు పెద్ద జలాశయాలు మూసీని అదుపు చేయగలవు. కాని వాటికి సంబంధం లేని దిక్కు నుంచి, ఊరి చెరువుల నుంచి వచ్చే నీటిని అవి ఆపలేవు. ఆ పని ఆ చెరువులే చేయాలి. వాటిని చూసుకొనే పని మనం చేయాలి.

ఇక్కడే ధనం సంగతి వస్తుంది. ఉద్యానానికి గాని, చెరువుకు గాని రెండు రకాల ఖర్చులుంటాయి. ప్రహరీగోడ, ద్వారం, నడకదారి, దీపస్తంభాలు ఒకసారి పెట్టే ఖర్చు. దీనికి ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. తోటమాలి జీతం, మొక్కలకు నీరు, ఎండిన చెట్టు స్థానంలో కొత్త మొక్క, చెరువులో పూడికతీత, కట్టమీద పెరిగిన ముళ్లపొదల తొలగింపు ఏటేటా పెట్టవలసిన ఖర్చు. దీనికి ప్రారంభోత్సవం లేదు, శిలాఫలకం లేదు. అందుచేత కొరత వచ్చినప్పుడు మొదట కోతపడేది దీనికే. హైదరాబాదులో బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్ లింగంపల్లి వంటి పేర్లు వింటాం. బాగ్ అంటే తోట. తోటలు పోయి పేర్లు మాత్రమే మిగలడానికి కారణం ఒక్కరోజులో జరిగిన విధ్వంసం కాదు. కొద్దికొద్దిగా సాగిన నిర్లక్ష్యం.

మన పూర్వులు ఈ చిక్కును ఎరుగుదురు. చెరువు కట్టించినవారికి, మరమ్మతు చేయించేవారికి భూమినో, ఆదాయంలో కొంత భాగాన్నో దశబంధం అనే పేరుతో ఇచ్చే ఆచారం మధ్యయుగపు తెలుగుదేశంలో ఉండేది. పదోవంతును సూచించే ఈ మాట మన శాసనాల్లో కనిపిస్తుంది. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండరాని ఆరు దోషాలను అది వివరించింది. అంటే చెరువుకు శాస్త్రమూ ఉంది, పోషణకు శాశ్వతమైన నిధీ ఉంది.

ఆధునిక చట్టాలు కూడా ఆ దారినే పట్టాయి. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ వల్ల చేరిన పన్నెండవ షెడ్యూలు, ఉద్యానాలను, ఆటస్థలాలను, పట్టణ వనాలను పురపాలక సంస్థలు చూసుకోవలసిన విషయాల్లో చేర్చింది. 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, జంట జలాశయాలకు చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022లో మరొక ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించింది. దానిపై వాదోపవాదాలు జరిగాయి. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం పట్టణాల బడ్జెటులో పదిశాతాన్ని పచ్చదనానికి కేటాయించాలని నిర్దేశించింది. 2020లో చేసిన సవరణతో మహానగర పాలక సంస్థకు కూడా ఈ నియమం వర్తించింది. ఆనాటి దశబంధం పదోవంతు. ఈనాటి పచ్చదనపు నిధి కూడా పదోవంతే. ఏడు శతాబ్దాల ఎడం ఉన్నా రెండింటి వెనుక ఉన్న వివేకం ఒకటే. కాపాడవలసిన దానికి వాటాను ముందే పక్కన పెట్టాలి. మిగిలితే ఇద్దామనుకొంటే ఎన్నటికీ మిగలదు.

అయితే నిధి కేటాయిస్తే చాలదు. ఆ సొమ్ము ఏ బస్తీకి చేరుతున్నదన్నది కూడా చూడాలి. కాలువ తలవైపు రైతుకే నీరంతా దక్కకూడదని విశ్వేశ్వరయ్య 1899లో భావించారు. నగర ఉద్యానాల విషయంలోనూ న్యాయం అదే. విశాలమైన ఇళ్లు, సొంత తోటలు ఉన్న పేటల కన్న, ఇరుకు గదుల్లో పెద్ద కుటుంబాలు నివసించే బస్తీలకే ఉద్యానం అవసరం ఎక్కువ. అక్కడి పిల్లవానికి ఆడుకొనే చోటు, వృద్ధునికి కూర్చొనే చోటు, వానకాలంలో నీరు ఇంకే చోటు అదొక్కటే.

ఉద్యానానికి పెట్టే ఖర్చును దానధర్మంగా భావించేవారు 1908 లెక్కలను, 2020 లెక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. కట్ట మరమ్మతుకు పెట్టని రూపాయి, వరద వచ్చిన నాడు సహాయ శిబిరాల రూపంలో ఎన్నో రెట్లయి మన చేత ఖర్చు పెట్టిస్తుంది. ప్రాణానికి మాత్రం వెల కట్టలేం.

విశ్వేశ్వరయ్య హైదరాబాదులో తొలిసారి ఉన్నది ఏడాదికి తక్కువ కాలమే. ఆయన తన చేతితో ఇక్కడ ఒక్క మొక్కనూ నాటినట్లు చెప్పలేం. కాని నది ఎక్కడ పుడుతుందో, చెరువు ఎందుకు తెగుతుందో, ఒడ్డున తోట ఎందుకు ఉండాలో కొలిచి, లెక్కగట్టి, వ్రాసి ఇచ్చారు. తటాకం, వనం అనే రెండు సంతానాలను ఆయన ఈ నగరానికి ప్రసాదించారు. వాటిని పెంచి పోషించే బాధ్యత నగరవాసులందరిదీ. ఆ నగరవాసుల్లో నేటి విద్యార్థులు కూడా ఉన్నారు. మీ వీధి చివర ఉన్న చెరువు పేరేమిటో, దాని మత్తడి ఎటు పారుతుందో, మీ పేటలోని ఉద్యానానికి ఈ ఏడాది ఎంత కేటాయించారో తెలుసుకోవడంతో ఆ బాధ్యత మొదలవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

అగ్రహారం : పండితులకు దానంగా ఇచ్చిన గ్రామం
ధననిక్షేపం : దాచి ఉంచిన ధనం
తటాకం : చెరువు
పరీవాహక ప్రాంతం : నదిలోకి వాననీరు చేరే ప్రదేశం
తూము : చెరువు నీటిని పొలాలకు వదిలే మార్గం
మత్తడి : చెరువు నిండిన తరువాత అదనపు నీరు పొర్లిపోయే చోటు, అలుగు
నీరటి : చెరువు నీటిని కనిపెట్టి వదిలే గ్రామసేవకుడు
శిఖం భూమి : చెరువు నీరు నిలిచే నేల
దశబంధం : చెరువు నిర్మాణానికి, మరమ్మతుకు ప్రతిగా ఇచ్చే భూమి లేదా ఆదాయభాగం

వ్యాకరణం

సంధులు : జలాశయం = జల + ఆశయం (సవర్ణదీర్ఘ సంధి); నగరోద్ధరణ = నగర + ఉద్ధరణ (గుణసంధి); ప్రత్యేక = ప్రతి + ఏక (యణాదేశ సంధి)
సమాసాలు : సప్తసంతానాలు = ఏడైన సంతానాలు (ద్విగు సమాసం); నదీతీరం = నది యొక్క తీరం (షష్ఠీ తత్పురుష సమాసం)

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. 1908 మూసీ వరదల అనంతరం హైదరాబాదు నగర రక్షణకు విశ్వేశ్వరయ్య చేసిన సూచనలను వివరించండి.
2. చెరువులు, ఉద్యానాల పోషణకు శాశ్వత నిధి ఎందుకు అవసరమో పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. గొలుసుకట్టు చెరువుల స్వభావాన్ని తెలపండి.
2. నది ఒడ్డున ఉద్యానం ఉండడం వల్ల కలిగే రెండు ప్రయోజనాలేవి?
3. ఖడక్‌వాస్లా జలాశయంలో విశ్వేశ్వరయ్య చేసిన మార్పు ఏమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సప్తసంతానాలేవి?
2. నగరోద్ధరణ సంస్థ ఏ సంవత్సరంలో ఏర్పడింది?
3. హిమాయత్‌సాగర్‌ను ఏ నదిపై నిర్మించారు?
4. పోరుమామిళ్ల చెరువు శాసనం ఏ సంవత్సరానికి చెందినది?